రేవు లేని చోట ట్యాంకు ఎలా దిగుతుంది?

అల్వాల్ గేటు పడిందంటే ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. ఆ రోజు వెళ్తున్నది మిలిటరీ గూడ్సు. ఒక్కో చదును వ్యాగన్ మీద ఒక్కో ట్యాంకు. పైన ఆకుపచ్చ టార్పాలిన్, కింద కదలకుండా చెక్క దిమ్మలు, నాలుగు మూలలా బిగించిన ఇనుప గొలుసులు. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన వాళ్లకు ఇది కొత్త కాదు. నా స్కూటర్ ముందు నిలబడ్డ మనవడు మాత్రం వేలు చూపిస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. గేటు లేచాక అడిగాడు.

"తాతా, నేల మీద అయితే రైలు మీద పోతయి. మధ్యల సముద్రం వస్తే?"

"ఓడ మీద పోతాయి రా."

"ఓడ ఆగాలంటే రేవు ఉండాలె గద? దించనీకి క్రేన్ ఉండాలె. అక్కడ శత్రువులే ఉంటే మనకు రేవు ఎవరిస్తరు?"

నాలుగో తరగతి పిల్లవాడి ప్రశ్న ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో పెద్ద పెద్ద దేశాల సేనానులు సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. 1940లో ఫ్రాన్సు తీరంలోని డన్‌కర్క్ నుంచి బ్రిటన్ మూడు లక్షల ముప్పై వేల మందికి పైగా సైనికులను ఓడలెక్కించి బతికించుకుంది. మనుషులు వచ్చారు, ట్యాంకులూ ఫిరంగులూ లారీలూ అక్కడే ఉండిపోయాయి. మళ్లీ ఆ గడ్డ మీద కాలు పెట్టాలంటే ట్యాంకులతో పెట్టాలి. రేవులన్నీ శత్రువు చేతిలో ఉన్నాయి. మిగిలింది ఉత్త ఇసుక ఒడ్డు. ముప్పై టన్నుల ఇనుమును సముద్రం దాటించి, క్రేను లేకుండా, ఇసుక మీదికి నడిపించే ఓడ కావాలి. అప్పట్లో అలాంటి ఓడ లేదు.

ఇంటికి వచ్చి బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్లు పోశాం. వంటగట్టు వేయించగా మిగిలిన గ్రానైట్ పలక ఒకటి పెరట్లో ఉంటే తెచ్చి, ఒక చివర టబ్బు అడుగున, ఇంకో చివర అంచు మీద ఆనేలా ఏటవాలుగా పెట్టాం. అదే మా సముద్రతీరం.

మొదట స్టీలు గ్లాసులో గుప్పెడు పెసలు పోసి నీళ్లలో నిలబెట్టాం. గ్లాసు మెడ దాకా మునిగింది. దాన్ని ఒడ్డు వైపు నెడితే ఇంకా జానెడు దూరం ఉండగానే అడుగు రాయికి తగిలి ఆగిపోయింది. అవే పెసలను అంచున్న పళ్లెంలో పోసి వదిలాం. పళ్లెం అర అంగుళం కూడా మునగలేదు. నెడితే దాదాపు రాయి పొడిగా ఉన్న చోటు దాకా వెళ్లింది. బరువు ఒకటే అయినా లోతు ఎందుకు మారింది? తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోయాలి. గ్లాసుకు అడుగు చిన్నది కాబట్టి ఆ నీటిని తోయడానికి బాగా కిందికి దిగాలి. పళ్లేనికి అడుగు వెడల్పు కాబట్టి కొంచెం దిగితే చాలు.

ఇప్పుడు పళ్లెం స్థానంలో ఓడను ఊహించుకోండి. అమెరికాలో తయారైన ట్యాంకు ల్యాండింగ్ షిప్ (ట్యాంకులను ఒడ్డుకు దించే ఓడ, పొట్టిగా ఎల్‌ఎస్‌టీ) పొడవు 328 అడుగులు, వెడల్పు 50 అడుగులు. అంటే సుమారు వంద మీటర్లు, పదిహేను మీటర్లు. అడుగు భాగం దాదాపు పళ్లెం లాగే చదునుగా ఉంటుంది. వందను పదిహేనుతో గుణిస్తే పదిహేను వందల చదరపు మీటర్లు. అంత వెడల్పున్న ఓడ ఒక్క సెంటీమీటరు కిందికి దిగితే పదిహేను టన్నుల నీరు పక్కకు పోతుంది. ఆ కాలపు షెర్మన్ ట్యాంకు బరువు ముప్పై టన్నులు. అంటే ఒక ట్యాంకు ఎక్కితే ఓడ మునిగేది సుమారు రెండే సెంటీమీటర్లు! ఇరవై ట్యాంకులు ఎక్కినా మూరెడు లోతు. ఈ లెక్క వేసినప్పుడు మనవడి కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. చేత్తో కాగితం మీద వేసి చూసుకోదగ్గ లెక్క, ఎవరైనా వేయవచ్చు.

మరి ఓడలన్నీ పళ్లెంలా ఎందుకు కట్టరు? టబ్బులో నీటిని చేత్తో కదిపితే జవాబు దొరికింది. గ్లాసు ఊగినా ఉన్న చోటే ఉంది. పళ్లెం అటూ ఇటూ జారింది, ఊదితే పక్కకు కొట్టుకుపోయింది. నడిసముద్రంలో తేలికైన చదును ఓడ గతీ అంతే. గాలి పక్కకు తోస్తుంది, అల వస్తే ముక్కు పైకి లేచి దబ్బున నీటి మీద పడుతుంది. సముద్రం దాటాలంటే ఓడ లోతుగా కూర్చోవాలి, ఒడ్డెక్కాలంటే పైకి తేలాలి. ఒకే ఓడ రెండు రకాలుగానూ ఉండాలి.

ఈ చిక్కు ముడిని విప్పింది అమెరికా నౌకాదళంలోని జాన్ నీడర్మయర్ అనే ఇంజినీరు. 1941 నవంబరు మొదట్లో బ్రిటిష్ బృందం తమ అవసరం చెప్పిన వెంటనే ఆయన ఒక చిన్న బొమ్మ గీశాడు. ఆయన వాడిన కిటుకు జలాంతర్గామిది. ఓడ పొట్ట గోడల్లో, అడుగున గదులు గదులుగా తొట్లు ఉంటాయి. సముద్ర ప్రయాణంలో వాటి నిండా ఉప్పునీళ్లు పట్టించుకుంటుంది. దీన్నే బ్యాలస్ట్ (ఓడను నిలకడగా ఉంచే బరువు) అంటారు. ఆ బరువుతో ఓడ కిందికి దిగి బుద్ధిగా నడుస్తుంది. తీరం దగ్గర పడగానే పంపులతో ఆ నీళ్లను బయటికి తోడేస్తుంది. ఓడ పైకి తేలుతుంది.

"ట్యాంకులు మోసే ఓడల నీళ్ల ట్యాంకులా!" అని వాడు పకపకా నవ్వాడు. నవ్వదగ్గదే, పైగా అందులో చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఈ యుద్ధవాహనాన్ని రహస్యంగా తయారు చేస్తున్నప్పుడు, ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లకు కూడా నిజం తెలియకూడదని ఇవి నీళ్లు మోసే తొట్లని చెప్పారు. ఆ మారుపేరే నిలిచిపోయింది. మన ట్యాంక్‌బండ్‌లోని ట్యాంకూ, గూడ్సు మీద వెళ్లిన ట్యాంకూ పేరుకు చుట్టాలే.

ఇప్పుడు ఒడ్డు సంగతి. సముద్రపు ఒడ్డు గోడలా నిలువుగా ఉండదు, మా గ్రానైట్ పలకలా ఏటవాలుగా నీళ్లలోకి దిగుతుంది. సమమట్టంగా తేలే పళ్లెం దాని మీదికి వస్తే ముందు అంచు ఒక్కటే రాయిని తాకుతుంది, వెనకంతా నీళ్ల మీద ఊగుతుంటుంది. ఒక్క అల పక్కనుంచి కొడితే పళ్లెం అడ్డంగా తిరిగిపోయింది. అందుకే ఎల్‌ఎస్‌టీ అడుగును కూడా ఒడ్డులా వాలుగా చేశారు. యాభై అడుగులు వెనక్కి పోతే ఒక అడుగు లోతు పెరిగేంత వాలు. ఒడ్డెక్కే సమయానికి ముక్కు దగ్గర ఓడ మూడడుగులు మాత్రమే మునిగి ఉంటుంది, వెనకవైపు తొమ్మిదిన్నర అడుగులు. లెక్క చూసుకోండి: 328ని యాభైతో భాగిస్తే ఆరున్నర వస్తుంది, మూడుకు అది కలిపితే తొమ్మిదిన్నర. అదే వాలున్న ఒడ్డు దొరికితే ఓడ అడుగు ఇసుక మీద చాప పరిచినట్టు ఆనుతుంది. ఓడను నడిపే ఫ్యాన్ రెక్కలూ చుక్కానీ వెనకవైపు అడుగు మట్టానికి పైనే ఉంటాయి కాబట్టి వాటికి ఇసుక తగలదు.

ముక్కు భాగం రెండు తలుపుల గుమ్మం. మన వీధి తలుపుల్లాగే రెండు రెక్కలూ చెరో పక్కకు తెరుచుకుంటాయి. వాటి వెనక ఇంకో ఇనుప పలక నిలువుగా నిలబడి ఉంటుంది. సముద్రంలో ఉన్నంతసేపూ నీళ్లు లోపలికి రాకుండా ఆపే గోడ అది. ఒడ్డు తాకగానే గొలుసులు వదిలితే ముందుకు వాలి వంతెన అవుతుంది. గుమ్మం వెడల్పు 14 అడుగులు. ట్యాంకు తన ఇంజనుతోనే నడుచుకుంటూ దిగిపోతుంది, క్రేన్ అక్కర్లేదు.

ఇక్కడ నాకు తట్టని సంగతి వాడికి తట్టింది. "లోపల ఇరవై ట్యాంకులు ఒక్కసారే స్టార్ట్ చేస్తే పొగ?" మూసిన షెడ్డులో లారీ ఇంజను వేసి ఉంచితే మనిషి ప్రాణానికే ముప్పు. ఆ ఓడ కట్టిన వాళ్లూ దీనికి భయపడ్డారు. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న కెంటకీ రాష్ట్రంలో, ఫోర్ట్ నాక్స్ సైనిక స్థావరంలో 1942లో ఓడ లోపలి భాగాన్ని నేల మీద ఒక భవనంలా కట్టారు. అందులో నిజం ట్యాంకులు పెట్టి, ఇంజన్లు నడిపి, పొగ లాగేసే ఫ్యాన్లు ఎక్కడెక్కడ, ఎన్నెన్ని ఉండాలో తేల్చుకున్నారు.

సముద్రం లేని చోట ఓడ పని అంటే మా వాడికి వింతగా అనిపించింది. అసలు వింత ఇంకా ఉంది. యుద్ధకాలంలో అమెరికా కట్టిన ఎల్‌ఎస్‌టీలు 1,051. వాటిలో సగం కంటే ఎక్కువ పుట్టింది సముద్రతీరంలో కాదు. తీరంలోని షిప్‌యార్డులన్నీ యుద్ధనౌకల పనిలో నిండిపోయాయి కాబట్టి ఒహాయో, ఇల్లినాయ్ నదుల గట్ల మీద, మక్కజొన్న చేల పక్కన కొత్త యార్డులు తెరిచారు. ఇండియానాలోని ఎవాన్స్‌విల్ అనే ఊళ్లో 167 ఓడలు తయారయ్యాయి. అక్కడ పనిచేసిన వాళ్లలో చాలామంది సముద్రాన్ని ఎన్నడూ చూడని రైతులూ గృహిణులూ. వెల్డింగ్ నేర్చుకున్నారు, ఓడ కట్టారు, నదిలోకి జార్చారు. అది మిసిసిపీ మీదుగా సముద్రానికి పోయింది. ఓడకు లోతు తక్కువ కాబట్టే నదిలో ప్రయాణం కుదిరింది. ఒడ్డెక్కడానికి పనికొచ్చిన గుణమే ఇక్కడా అక్కరకొచ్చింది. దాన్ని నడిపిన రెండు డీజిల్ ఇంజన్లు కూడా ఓడల కోసం పుట్టినవి కావు, అమెరికాలో రైళ్లు లాగే ఇంజన్ల కుటుంబానికి చెందినవి. రైల్వే వాళ్ల ఊరైన సికింద్రాబాద్‌లో ఈ మాట చెప్తే వినేవాళ్ల ముఖాలు వెలుగుతాయి.

అంత పెద్ద ఓడ గంటకు ఇరవై కిలోమీటర్ల చిల్లర వేగం దాటేది కాదు. ఎల్‌ఎస్‌టీ అన్న మూడక్షరాలకు "పెద్దది, నెమ్మదైనది, గురికి సులువైనది" అని దాని మీద పనిచేసిన నావికులే అర్థం చెప్పుకునేవారు.

ఇలాంటి ఓడ జీవితం ఎలా గడుస్తుందో చూడాలంటే ఎల్‌ఎస్‌టీ-325 కథ చెప్పాలి. ఫిలడెల్ఫియాలో 1942 అక్టోబరులో నీళ్లలోకి దిగింది. 1943లో ఉత్తర ఆఫ్రికాకు వెళ్లి, అక్కడి నుంచి సిసిలీ, ఆ తర్వాత ఇటలీలోని సలెర్నో దాడుల్లో పాల్గొంది. 1944 జూన్ 7న, అంటే ఫ్రాన్సులోని నార్మండీ మీద దాడి మొదలైన మర్నాడు, అక్కడి ఒమాహా తీరం చేరింది. తర్వాతి నెలల్లో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య నలభైకి పైగా విడతలు తిరిగింది. వెళ్లేటప్పుడు ట్యాంకులూ లారీలూ, వచ్చేటప్పుడు గాయపడిన సైనికులు. నార్మండీలో ఈ ఓడలు ఇంకో పని చేశాయి. పోటు మీద ఒడ్డెక్కి అక్కడే ఉండిపోయేవి. ఆటుకు నీళ్లు వెనక్కి తీసేస్తే ఓడ పొడి ఇసుక మీద ఇల్లులా కూర్చునేది. వాహనాలు చక్రాలు తడవకుండా దిగేవి. మళ్లీ పోటు రాగానే తేలి వెళ్లిపోయేది. అడుగు చదునుగా ఉండబట్టే పక్కకు ఒరిగిపోలేదు.

ఆ ఏడు డిసెంబరు 28న సైనికులను మోసుకెళ్తున్న ఎంపైర్ జావెలిన్ అనే ఓడ మునిగిపోతుంటే 325 దగ్గరికి వెళ్లి దాదాపు ఏడు వందల మందిని ఎక్కించుకుంది. నన్నడిగితే దాని చరిత్రలో అన్నిటికంటే పెద్ద పని అదే. 1964లో గ్రీసుకు ఇచ్చారు, అక్కడ 1999 దాకా పనిచేసింది. తర్వాత అమెరికాలోని పాత నావికులు దాన్ని ఇంటికి తెచ్చుకోవాలని పట్టుబట్టారు. వాళ్ల సగటు వయసు 72. నా కంటే పెద్దవాళ్లు. క్రీట్ దీవి నుంచి 2000 నవంబరులో బయల్దేరి, చలికాలపు అట్లాంటిక్ దాటి, 2001 జనవరి 10న అలబామాలోని మోబీల్ రేవు చేరారు. ఇప్పుడది ఎవాన్స్‌విల్‌లో ఉంది, లోపలికి వెళ్లి చూడవచ్చు.

"మనకు లేదా?" అన్నాడు. ఉంది. అమెరికా అడిగినన్ని ఓడలు ఇవ్వలేకపోవడంతో బ్రిటన్ తానే కాస్త పెద్దవి, ఆవిరి ఇంజన్లతో కట్టుకుంది. వాటిలో 3011 నంబరుది 1945లో తయారైంది, యుద్ధం అయ్యాక అవెంజర్ అని పేరు పెట్టుకుంది, 1949లో మన నౌకాదళంలోకి వచ్చి మగర్ అయింది. హిందీలో మగర్ అంటే మొసలి. నీళ్లలో బతుకుతూ గట్టెక్కే జంతువు కదా, ఇంతకంటే సరిపోయే పేరు నాకు తోచదు. ఆ తర్వాత వచ్చిన ఓడలకూ ఘరియాల్ (పొడుగు మూతి మొసలి), ఘోర్‌పడ్ (ఉడుము), గుల్దార్ (చిరుత) లాంటి పేర్లే. 1971 యుద్ధంలో ఈ పాత మగర్ తూర్పు తీరపు నౌకల్లో ఒకటి.

అదే యుద్ధంలో ఒక పాఠం చాలా కష్టంగా నేర్చుకున్నాం. డిసెంబరు మధ్యలో ఘరియాల్, గుల్దార్ ఓడలు గూర్ఖా జవాన్లతో తూర్పు బెంగాల్‌లోని కాక్స్ బజార్ ఒడ్డుకు వెళ్లాయి. ముక్కు ఇసుకను తాకింది, తలుపు తెరిచారు. కానీ అది ఒడ్డు కాదు, నీటి కింద ఉన్న ఇసుక దిబ్బ. దిబ్బకూ అసలు ఒడ్డుకూ మధ్య లోతైన కాలువ ఉంది. బరువైన సామాన్లతో దిగిన జవాన్లు కొందరు అందులో మునిగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకు ముందు 1945 సెప్టెంబరు 9న మలయాలోని మోరిబ్ తీరంలోనూ భారత సైన్యపు బండ్లు ఇలాగే మెత్తని బురదలో కూరుకుపోయాయి. జపాన్ అప్పటికే లొంగిపోయింది కాబట్టి ఎదురుకాల్పులు లేవు, సరిపోయింది. ఓడ ఎంత బాగున్నా నీటి కింద ఇసుక ఎలా ఉందో ముందే ఎవరో ఒకరు వెళ్లి కొలవాలి. వాలు మరీ తక్కువైతే ఓడ వెనక భాగం ముందే నేలకు తగిలి, ముక్కు లోతు నీళ్లలో ఆగిపోతుంది. అప్పుడు తేలే ఇనుప పెట్టెలను వరసగా కట్టి వంతెన వేసుకోవాలి. సిసిలీలో అలాగే చేశారు.

ఇంకో దారి, వాహనమే ఈదడం. ఇది మన దగ్గరి సంగతి. శంకర్‌పల్లి పక్కన ఎద్దుమైలారంలో ఉన్న ఆయుధ కర్మాగారంలో శరత్ అనే పేరుతో బీఎంపీ-2 వాహనాలు తయారవుతాయి. సైనికులను మోసే ఈ కవచ వాహనం బరువు సుమారు పద్నాలుగు టన్నులు. ట్యాంకు కంటే బాగా తేలిక, లోపల ఖాళీ ఎక్కువ, కాబట్టి నీటి మీద తేలుతుంది. గొలుసు చక్రాలు తిరుగుతుంటే అవే తెడ్లలా నీటిని వెనక్కి తోస్తాయి. ఓడ తలుపు దగ్గర కాస్త లోతు ఉన్నా అది దిగి ఈదుకుంటూ ఒడ్డెక్కగలదు. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్‌కు సముద్రం దాటిన అనుభవం ఉంది. 1987లో శాంతి పరిరక్షక దళంగా శ్రీలంకకు వెళ్లినప్పుడు కొంత విమానాల్లో, కొంత ఓడల్లో జాఫ్నా చేరింది. కొత్త మగర్ నౌకాదళంలో చేరిందీ ఆ ఏడు జులైలోనే, ఈసారి కోల్‌కతాలో కట్టింది. దాని తోబుట్టువు, రెండో ఘరియాల్, మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో రూపు దిద్దుకుంది. ఆ మగర్ 2020 మే నెలలో, కరోనా కాలంలో, మాల్దీవుల్లో చిక్కుకున్న 202 మందిని కొచ్చి చేర్చింది.  2023 మేలో విధుల నుంచి విరమించింది.

చీకటి పడుతోంది. పళ్లెంలో ఆట బొమ్మ ట్యాంకు పెట్టుకుని వాడు మళ్లీ ఒడ్డుకు నెట్టాడు. పళ్లెం రాయి మీదికి ఎక్కి బిగుసుకుంది. ట్యాంకును దించాడు. ఇప్పుడు పళ్లెం వెనక్కి రావాలి. చేత్తో లాగబోయి ఆగాడు.

"ఓడను వెనక్కి ఎవరు లాగుతరు? అక్కడ మనిషి ఉండడు గద."

"ఓడే లాక్కుంటుంది," అన్నాను. ఒడ్డుకు ఇంకా చాలా దూరంలో ఉండగానే వెనకవైపు నుంచి ఒక లంగరును సముద్రంలోకి వదులుతారు. ఓడ ముందుకు పోతుంటే దానికి కట్టిన ఉక్కు తాడు వెనక సాగుతూ ఉంటుంది. దించాల్సినవి దించాక ఓడ తేలికవుతుంది, నీటి కింది ఫ్యాన్ రెక్కలను వెనక్కి తిప్పుతారు, తాడును చక్రం మీద చుడతారు. లంగరు కదలదు కాబట్టి ఓడ దాని వైపు జరుగుతుంది. అల పక్కనుంచి కొట్టినా ఓడ అడ్డం తిరక్కుండా పట్టి ఉంచేదీ ఆ తాడే.

లోపలికి పరిగెత్తి వాళ్ల నానమ్మ పూలు కట్టే దారం తెచ్చాడు. ఒక కొసకు బోల్టు కట్టి, ఇంకో కొస పళ్లెం అంచుకు చుట్టాడు. పళ్లేన్ని ఒడ్డెక్కించాక బోల్టును వెనక నీళ్లలో వేశాడు. దారం లాగితే పళ్లెం కదల్లేదు, బోల్టే ఒడ్డుకు వచ్చేసింది. తడి దారం చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత పళ్లేన్ని టబ్బు అవతలి అంచుకు తీసుకెళ్లి, ఈసారి బరువైన తాళంకప్ప కట్టి, ముందు దాన్ని నీళ్లలో వదిలాడు.

"దూరంగా ఉన్నప్పుడే వెయ్యాలె," అని తనలో తాను అనుకుంటూ పళ్లేన్ని నెమ్మదిగా రాయి వైపు తోయడం మొదలుపెట్టాడు.